కయనైట్ రాయా, రత్నమా, ఖనిజమా? దేవరకొండ టీచరు గారి ప్రశ్నకు సమాధానం

మేడమ్, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీ బడికి వచ్చిన రాళ్ల పెట్టెలో "కయనైట్, సిలికేట్ ఖనిజం" అని చీటీ అంటించిన నీలి పలక ఒకటుంది. అందులో సిలికాన్ కంటే అల్యూమినియమే ఎక్కువ కదా, మరి సిలికేట్ అని ఎందుకంటారని పిల్లలు అడిగారు. ఒకమ్మాయి అది నీలమణి అంది. ఇంకో అబ్బాయి వాళ్ల చెల్కలో బోరు వేసినప్పుడు బయటపడ్డ నీలిరంగు ముక్క తెచ్చి, ఇదీ కయనైటేనా అన్నాడు. కయనైట్‌కూ మిగతా ఖనిజాలకూ ఉన్న చుట్టరికం ఏమిటి, మన నల్లగొండ, పాలమూరు వైపు అది దొరుకుతుందా అని మీరు అడిగారు. ఇంత మంచి ప్రశ్నలు వేసే పిల్లలున్న తరగతి మీది. వివరంగానే రాస్తాను.

ముందు రాయి, ఖనిజం, రత్నం సంగతి తేల్చుకుందాం. మీ ఊరి గుట్ట మీద గులాబీ రంగు గ్రానైట్ బండ ఉంటుంది. దగ్గరగా చూస్తే గులాబీ రంగు గింజలు, గాజులా మెరిసే బూడిద రంగు గింజలు, నల్లటి పొరల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. గులాబీవి ఫెల్డ్‌స్పార్, గాజులాంటివి పలుగురాయి, అంటే క్వార్ట్జ్. నల్లవి బయొటైట్ అనే నల్ల అభ్రకం. ఈ మూడూ మూడు ఖనిజాలు. మూడూ కలిసి బిగుసుకున్న బండ శిల. ఖనిజం ప్రకృతిలో తనంత తాను ఏర్పడిన ఘనపదార్థం. దానికి ఒక రసాయన కూర్పు ఉంటుంది, ఆ పరమాణువులు ఒక క్రమంలో పేర్చి ఉంటాయి. ఇలాంటివి ఇప్పటికి ఆరు వేలకు పైగా గుర్తించారు. రత్నం మాత్రం శాస్త్రంలోని తరగతి కాదు. బజారు పెట్టిన పేరు. స్వచ్ఛంగా ఉండి, కోతకు లొంగి, చూపుకు బాగుంటే ఏ ఖనిజమైనా రత్నమవుతుంది. కాబట్టి మీ పెట్టెలోని పలక ఖనిజం. అది పుట్టింది పలుగురాయి, అభ్రకాలతో కలిసిన ఏదో ఒక శిలలో. సాన పడితే రత్నంగానూ అమ్ముతారు.

ఇక సిలికేట్ అన్న మాట. కయనైట్‌లో రెండు అల్యూమినియం పరమాణువులకు ఒక సిలికాన్, అయిదు ఆక్సిజన్లు. ఆక్సైడ్ల లెక్కన తూకం చూస్తే దాదాపు 63 శాతం అల్యూమినా, 37 శాతం సిలికా. పిల్లల అనుమానం న్యాయమైనదే. కానీ ఖనిజాలను వర్గాలుగా విడదీసేటప్పుడు ఏ లోహం ఎక్కువుందని చూడరు. రుణావేశం ఉన్న గుంపు ఏదని చూస్తారు. కార్బొనేట్ గుంపు ఉంటే కార్బొనేట్లు, ఉత్త సల్ఫర్ ఉంటే సల్ఫైడ్లు, ఫ్లోరిన్, క్లోరిన్ లాంటివి ఉంటే హాలైడ్లు, ఉత్త ఆక్సిజన్ మాత్రమే లోహాన్ని పట్టుకుని ఉంటే ఆక్సైడ్లు. ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు నాలుగు మూలల్లో నిలబడిన చతుర్ముఖి ఉంటే సిలికేట్లు. స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఈ గుంపే. కయనైట్‌లో ఆ చతుర్ముఖి ఉంది. అందుకే సిలికేట్.

ఈ వర్గాలు చూడటానికి మ్యూజియం దాకా వెళ్లాల్సిన పని లేదు. తాండూరు బండల్లోనూ, మిర్యాలగూడ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లే సున్నపురాయిలోనూ ఉన్నది కాల్సైట్, అది కార్బొనేట్. లంబాపూర్, పెద్దగట్టుల దగ్గర వార్తల్లోకెక్కిన యురేనియం ఖనిజం యురేనినైట్ ఆక్సైడ్. గ్రానైట్‌లో సన్నగా దాగి ఉండే అపటైట్ ఫాస్ఫేట్. ఊదారంగు ఫ్లోరైట్ హాలైడ్. ఇవన్నీ కలిపినా సిలికేట్ల ముందు కొసరే. భూమి పైపెంకులో 90 శాతానికి మించి సిలికేట్లే. మీ ఊరి చెల్క, మొరం, గుట్ట, కంకర, ఇంటి పునాది రాళ్లు దాదాపు అన్నీ వాటి సంతానమే.

సిలికేట్లలో మళ్లీ తెగలున్నాయి. అవి చతుర్ముఖులు చేయి కలిపే తీరును బట్టి ఏర్పడ్డవి. ఒకదానికొకటి అంటకుండా విడివిడిగా ఉంటే ఒక తెగ. కయనైట్, గార్నెట్, ఆలివిన్ అందులోవి. ఉంగరాల్లా కలిస్తే బెరిల్, టూర్మలిన్. గొలుసుల్లా సాగితే పైరాక్సిన్లు, యాంఫిబోల్‌లు, మన నల్ల గ్రానైట్ బండల్లో ఎక్కువ భాగం పైరాక్సిన్, ఫెల్డ్‌స్పార్‌లే. పొరలుగా పరుచుకుంటే అభ్రకం, బంకమట్టి. నాలుగు దిక్కులా అల్లుకుపోతే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. కాకిబంగారం గోటితో పొరలు పొరలుగా ఊడి రావడానికీ, పలుగురాయి ఎటు కొట్టినా గాజులా పగలడానికీ ఈ అల్లికే కారణం. కయనైట్‌లో చతుర్ముఖులు విడిగా ఉన్నా, అల్యూమినియం ఆరేసి ఆక్సిజన్ల మధ్య కూర్చుని, పొడవునా గొలుసుల్లా సాగుతుంది. మీ పలక కత్తి అలుగులా పొడుగ్గా, చదునుగా ఉండటానికి కారణం అదే. ఇంకో సంగతి గమనించండి. అయిదు ఆక్సిజన్లలో నాలుగే సిలికాన్‌ను అంటుకుని ఉంటాయి. అయిదోది కేవలం అల్యూమినియం పరమాణువుల మధ్య ఉంటుంది. ఈ అయిదో ఆక్సిజన్‌తో తర్వాత పని పడుతుంది.

నాకు కయనైట్ మీద ప్రత్యేకమైన మక్కువ ఉండటానికి కారణం ఇప్పుడు చెబుతాను. ఖనిజమంటే ఏమిటో దీనికంటే బాగా నేర్పే రాయి నాకు కనిపించలేదు. అవే రెండు అల్యూమినియం, అదే ఒక సిలికాన్, అవే అయిదు ఆక్సిజన్లతో ప్రకృతి మూడు వేరు వేరు ఖనిజాలు చేసింది. అవి కయనైట్, ఆండలుసైట్, సిల్లిమనైట్. రసాయన పరీక్షలో మూడింటికీ ఒకే ఫలితం వస్తుంది. స్ఫటికం మాత్రం వేరు, సాంద్రత వేరు, విరిగే తీరు వేరు. మూడింటిలోనూ ఒక అల్యూమినియం ఆరు ఆక్సిజన్ల మధ్యే ఉంటుంది. తేడా అంతా రెండో అల్యూమినియందే. అది కయనైట్‌లో ఆరు ఆక్సిజన్ల మధ్య, ఆండలుసైట్‌లో అయిదింటి మధ్య, సిల్లిమనైట్‌లో నాలుగింటి మధ్య కూర్చుంటుంది. అంతే తేడా. కూర్పు ఒక్కటే సరిపోదు, అమరిక కూడా ఉంటేనే ఖనిజానికి గుర్తింపు అని పాఠ్యపుస్తకం ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తుంది. పిల్లలకు ఈ మూడింటి కథ చెబితే ఆ వాక్యం అర్థమవుతుంది.

ఎప్పుడు ఏది పుడుతుందో నిర్ణయించేది వేడి, ఒత్తిడి. కుంచంలో జొన్నలు పోసి తట్టితే దిగి సర్దుకుంటాయి కదా, ఒత్తిడి పెరిగినప్పుడు పరమాణువులూ అలాగే ఇరుకుగా సర్దుకునే అమరికను వెతుక్కుంటాయి. నీటితో పోలిస్తే కయనైట్ సాంద్రత దాదాపు 3.6 రెట్లు, సిల్లిమనైట్‌ది 3.24, ఆండలుసైట్‌ది 3.15. కాబట్టి ఒత్తిడి ఎక్కువైన చోట కయనైట్, వేడి బాగా ఎక్కువైన చోట సిల్లిమనైట్, ఒత్తిడి తక్కువగా ఉండి ఓ మోస్తరు వేడి ఉన్న చోట ఆండలుసైట్. సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 14, 15 కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడిలో మూడూ ఒకేచోట నిలకడగా ఉండగలవు. కొండల్లో తిరిగే భూగర్భ శాస్త్రవేత్తకు ఈ మూడింటిలో ఏది దొరికినా, ఆ శిల ఒకప్పుడు ఏ లోతున, ఎంత వేడిలో ఉందో అంచనా దొరికినట్టే.

పుట్టిన పరిస్థితులు పోయాక కయనైట్ తిరిగి మారిపోవాలి కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. లెక్క ప్రకారం మారాలి. చల్లటి రాయిలో పరమాణువులు కదలడం మహా నెమ్మది. అందుకే కోట్ల ఏళ్ల తర్వాత కూడా నేలమీద కయనైట్ కయనైట్‌గానే మిగిలిపోతుంది. మారకుండా మిగలడం వల్లే అది మనకు పాత సంగతులు చెప్పగలుగుతోంది.

ఇప్పుడు మీ దగ్గరి చుట్టరికం చూడండి. బంకమట్టిలో ప్రధాన ఖనిజమైన కేయొలినైట్‌ను క్వార్ట్జ్‌తో కలిపి భూమి లోపల వేడి చేస్తే నీరు కోల్పోయి పైరోఫిల్లైట్ అనే ఖనిజం అవుతుంది. ఇంకా వేడి, ఒత్తిడి పెరిగితే అది కూడా నీరు వదిలి కయనైట్, క్వార్ట్జ్‌లుగా విడిపోతుంది. ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్న బురద, పర్వతాలు పుట్టే చోట లోతుకు కూరుకుపోయి, నీరంతా పిండుకుని నీలి పలక అయిందన్నమాట. కయనైట్ ఇలా బురద రాళ్లలోనే ఎక్కువగా పుట్టడానికి కారణముంది. అల్యూమినియం కోసం శిలలో పోటీ చాలా ఎక్కువ. సోడియం, పొటాషియం, కాల్షియం ఉన్నంతసేపు అవి అల్యూమినియాన్ని ఫెల్డ్‌స్పార్‌లోకీ అభ్రకంలోకీ లాక్కుంటాయి. అవన్నీ తీసుకోగా ఇంకా మిగిలితేనే కయనైట్. బంకమట్టిలో అలా మిగులు ఉంటుంది, ఎందుకంటే వానలు, ఎండలు ఆ మూడింటినీ ముందే కడిగేశాయి. గ్రానైట్‌లో ఆ మిగులు ఉండదు, ఉన్నా కొంచెమే.

అందుకే మన వైపు సంగతి నేరుగా చెబుతున్నాను. నల్లగొండ, పాలమూరు నేల చాలావరకు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ (వేడి, ఒత్తిడికి మారి చారలు పడ్డ రాయి) బండలు. వాటిలో ఫెల్డ్‌స్పార్‌కు కరువు లేదు. పాలమూరు వైపు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ క్వారీలు మీరు చూసే ఉంటారు, అక్కడి రాయి సిరామిక్, గాజు పరిశ్రమలకు పోతుంది. గద్వాల, పెద్దవూర దగ్గర ఉన్న పాత శిలా పట్టీలు కూడా ఎక్కువగా అగ్నిపర్వతాల లావా మార్పు చెందినవే, బురద నుంచి పుట్టినవి కావు. కాబట్టి దేవరకొండ చెల్కలో కయనైట్ ఆశించడానికి భూగర్భ కారణం లేదు. కావాలంటే తూర్పుకు, ఖమ్మం వైపు వెళ్లాలి. అక్కడి షిస్టు శిలల్లో, అంటే వేడి, ఒత్తిడికి మారి పొరలుగా విడిపోయే రాళ్లలో, కయనైట్ ఉంది, దేశంలోని కయనైట్ వనరుల్లో తెలంగాణకు పెద్ద వాటా వచ్చింది ఆ జిల్లా వల్లనే. ఆ పక్కనే గార్నెట్లకు పేరుపడ్డ గరీబ్‌పేట గుట్ట ఉంది. ఆ గార్నెట్ల లోపల సిల్లిమనైట్ సన్నటి సూదుల్లా చిక్కుకుని ఉంటుంది. తరగతిని ఎప్పుడైనా ఒక రోజు విహారానికి తీసుకెళ్లగలిగితే నేను మొదట చెప్పే చోటు అదే.

పరిశ్రమలో దీని విలువ రంగుతో సంబంధం లేనిది. కయనైట్‌ను గట్టిగా కాలిస్తే ముల్లైట్ అనే పదార్థంగా, కొంత సిలికాగా విడిపోతుంది. ముల్లైట్ భయంకరమైన వేడిని తట్టుకుంటుంది కనుక ఉక్కు కొలిమి ఇటుకల్లో, సిరామిక్ బట్టీల్లో ఈ కుటుంబపు ఖనిజాలు పనిచేస్తాయి, ఒకప్పుడు స్పార్క్ ప్లగ్‌లలోని తెల్లటి పింగాణీలోనూ వాడేవారు. ఆ మార్పు జరిగేటప్పుడు కయనైట్ పరిమాణం 16 నుంచి 18 శాతం దాకా ఉబ్బుతుంది. ఇరుకుగా సర్దుకున్నది విడిపోతే అంతే మరి. అందుకే చాలా పనులకు దాన్ని ముందే కాల్చి వాడతారు. ఝార్ఖండ్‌లోని లప్సా బురు కయనైట్ ఒకప్పుడు ప్రపంచమంతా పేరు మోసింది.

నీలమణి అన్న అమ్మాయికి ఇలా చెప్పండి. నీలమణి కురువిందం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. దానిలో సిలికాన్ లేదు, అది సిలికేట్ కాదు. కయనైట్ లెక్కలోంచి సిలికా తీసేస్తే మిగిలేది కురువిందమే కాబట్టి ఆమె మరీ దూరం పోలేదు. పైగా రెండింటికీ నీలం రంగు తెచ్చేది ప్రధానంగా అవే మలినాలు, అతి కొద్దిపాటి ఇనుము, టైటానియం. అవి లేకపోతే కయనైట్ తెల్లగా, బూడిదగా ఉంటుంది. మాంగనీస్ చేరితే నారింజ రంగు కూడా వస్తుంది. ఇంకో నీలి సిలికేట్ లాజురైట్, దాని రంగు సల్ఫర్ వల్ల వస్తుంది. రంగు ఒకటే, కారణాలు వేరు. పిల్లల పుస్తకాల్లో ఖనిజాల పట్టికను రంగుతో మొదలుపెట్టడం నాకు నచ్చదు, ఆ అలవాటే వాళ్లను మొదట తప్పుదారి పట్టిస్తుంది. నీలమణి కాఠిన్యం 9. కయనైట్ మాత్రం విచిత్రమైనది. పొడవునా గీస్తే 5 దగ్గర, అడ్డంగా గీస్తే 7 దగ్గర. మంచి ఉక్కు చాకు మొనతో నిలువుగా గీస్తే గీత పడుతుంది, అడ్డంగా గీస్తే పడదు. మీ పలక వెనక వైపు ఒక మూలన చేసి చూపించండి, తరగతిలో ఎవరూ మరచిపోరు.

అయిదో ఆక్సిజన్ గురించి చెబుతానన్నాను. ఆ ఒక్క ఆక్సిజన్ స్థానంలో రెండు ఫ్లోరిన్లు, లేదా హైడ్రాక్సిల్ గుంపులు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంటలు) ఉంటే ఆ కూర్పు టోపాజ్ అనే ఖనిజానిది. అమరిక మాత్రం వేరు. నల్లగొండ బడిలో ఫ్లోరిన్ మాట వచ్చాక అక్కడితో ఆపలేను. ఈ జిల్లాలో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసి పెరిగిన తరాలు ఉన్నాయి. ఆ ఫ్లోరైడ్ ఎక్కడిదని అడిగితే "నీళ్లలోది" అంటాం. నీళ్లలోకి ఖనిజాల నుంచి వచ్చింది. బయొటైట్ పొరల్లో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరిన్ సులువుగా కూర్చుంటుంది, రెండింటి సైజూ దాదాపు ఒకటే, ఆవేశమూ ఒకటే. అపటైట్‌లోనూ అంతే. ఫ్లోరైట్ అయితే కాల్షియం, ఫ్లోరిన్‌లతోనే అయింది. ఈ గ్రానైట్‌లు మెత్తబడి మొరం అయ్యే క్రమంలో, బండ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు ఆ ఫ్లోరిన్‌ను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరిన్‌ను పట్టి ఫ్లోరైట్‌గా కింద దించేస్తుంది. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తగ్గిన చోట ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది, దానికి పేరే నల్లగొండ టెక్నిక్.

కయనైట్ పాఠంలో ఇది ఎందుకు చెప్పాలంటే, ఖనిజాల కూర్పు అన్నింటిలో ఒకే రకంగా బిగుసుకుని ఉండదు. కయనైట్ బిగుతైన ఇల్లు, ఇతర మూలకాలకు అందులో దాదాపు చోటే లేదు. ఇనుము, టైటానియం కూడా అతి కొద్దిగానే దూరాయి. బయొటైట్‌లో ఇనుము, మెగ్నీషియం ఒకదాని చోట ఒకటి, హైడ్రాక్సిల్ చోట ఫ్లోరిన్ ధారాళంగా మారిపోతుంటాయి. ఏ ఖనిజం దేన్ని లోపలికి రానిస్తుంది, దేన్ని బయటికి వదులుతుంది అన్నది మళ్లీ అమరికే తేలుస్తుంది. మీ పిల్లల తాతల ఎముకలకూ ఆ అమరికకూ నేరుగా సంబంధం ఉంది.

ఇక ఆ అబ్బాయి తెచ్చిన ముక్క. ఫొటో లేకుండా పేరు చెప్పడం సరికాదు, కానీ అవకాశాలు చెబుతాను. కొత్తగా పగిలిన, ఎండ సోకని గ్రానైట్, నైస్ బూడిద నీలంగా కనబడతాయి, బోరు బండి వాళ్లు ఎక్కువగా తీసేది అదే. నల్ల గ్రానైట్ అని మనం పిలిచే డోలరైట్ పట్టీ తగిలితే నల్లటి నీలం. గింజలన్నీ ఒకే రంగు ఊదానీలంలో, గాజులా ఉంటే ఫ్లోరైట్ కావచ్చు. తాండూరు వైపు నుంచి వచ్చిన పలక ముక్క అయితే సున్నపురాయి. వీటిని బడిలోనే వేరు చేయొచ్చు. ముందు చాకుతో గీసి చూడండి. ఫ్లోరైట్, సున్నపురాయి గీత పడతాయి, గ్రానైట్‌లోని పలుగు, ఫెల్డ్‌స్పార్ పడవు. తర్వాత ల్యాబ్‌లోని పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయండి, ఆ పని మీరే చేయండి, పిల్లలతో వద్దు. బుసబుసా నురగ వస్తే సున్నపురాయి. చివరిది నాకు బాగా ఇష్టమైనది. ముక్కను దారంతో స్ప్రింగ్ త్రాసుకు కట్టి ఒకసారి గాలిలో, ఒకసారి నీళ్లలో ముంచి తూచండి. గాలిలోని బరువును, నీళ్లలో తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 2.6, 2.7 దగ్గర వస్తే గ్రానైట్ లేదా సున్నపురాయి, 3 దగ్గర వస్తే డోలరైట్, 3.2 దగ్గరైతే ఫ్లోరైట్. పెట్టెలోని కయనైట్ పలకకు కూడా అదే లెక్క కట్టించండి, దానికి మాత్రం 3.6 దాకా రావాలి. మీకు వచ్చిన అంకె, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో, బోరు ఎన్ని అడుగుల దగ్గర ఆ ముక్క పడిందో రాసి పెట్టండి, చూసి చెబుతాను.